పళ్ళ మేస్త్రి చూడని వాన

ఎదుటి మనిషి ముఖం గుర్తుండదు గానీ దవడ మాత్రం గుర్తుంటుంది మన మేస్త్రికి. ఇల్లు కట్టే మేస్త్రి కాదు, పళ్ళు కట్టే మేస్త్రి. ఆరుగురు పళ్ళ డాక్టర్లకు కట్టుడు పళ్ళు చేసిపెట్టే ల్యాబులో ఇరవై ఏడేళ్ళుగా కిటికీ పక్క బల్ల అతనిది. డాక్టర్లు నోటి అచ్చులు తీసి చిన్న అట్టపెట్టెల్లో పంపుతారు. వాటిలో ప్లాస్టర్ పోసి, ఆరనిచ్చి, మైనంతో చిగుళ్ళు దిద్ది, ఒక్కో పన్నూ దాని చోట నిలబెడతాడు. పెట్టె మీద పేరుండదు, నంబరుంటుంది. ఆ నంబరు మనిషి ఎటువైపు నములుతాడో, కోపమొస్తే పళ్ళెలా బిగిస్తాడో అచ్చు చూసి చెప్పేస్తాడు. అదే మనిషి వీధిలో ఎదురొస్తే పక్కకు తప్పుకుని వెళ్ళిపోతాడు. ఎవరో తెలిస్తే కదా! పళ్ళు పెట్టించుకునేవాళ్ళు డాక్టరుకు దండం పెడతారు, ల్యాబు దాకా ఎవరొస్తారు? తను చేసిన పళ్ళతో ఎవరైనా నవ్వుతుండగా అతను కళ్ళారా చూసింది ఒక్కరినే. అదీ వాళ్ళమ్మను.

వయసు యాభై ఒకటి. పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదని అడిగితే పెద్ద కథేమీ లేదు. ముందు అక్క పెళ్ళన్నారు, తర్వాత నాన్న జబ్బన్నారు, ఆ తర్వాత అమ్మకు తోడెవరన్నారు. ఒకదాని వెనక ఒకటి వరసగా వచ్చాయి. ఇతని వంతు వచ్చేసరికి అడిగేవాళ్ళు అలిసిపోయారు. ఇతనూ గుర్తు చేయలేదు.

రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ ఇంట్లో మాట ఆగేది కాదు. పొయ్యితో మాట్లాడేది, కుళాయితో మాట్లాడేది, మెట్ల మీదికి వచ్చే పక్కింటి పిల్లితో గంటలు గంటలు మాట్లాడేది. "అమ్మా, కాస్త ఊపిరి తీసుకోవే" అని ఇతను విసుక్కునేవాడు. నాలుగేళ్ళ కిందట ఆమె పోయింది. కర్మలయ్యాక అక్క వాళ్ళు బయల్దేరి వెళ్ళిపోయిన సాయంత్రం, తాళం తీసి లోపలికి అడుగుపెడితే, ఫ్రిజ్ గుర్రుమంటున్న చప్పుడు వినిపించింది. పదకొండేళ్ళుగా ఆ ఫ్రిజ్ ఆ మూలే ఉంది. అది చప్పుడు చేస్తుందని మన మేస్త్రికి ఆ రోజే తెలిసింది.

అప్పుడు పట్టుకున్నాయి అతన్ని ఈ యానిమేలు. అవేనండీ, జపాను వాళ్ళ బొమ్మల సీరియళ్ళు. సెలవులకు వచ్చిన మేనకోడలు టీవీలో ఏదో పెట్టి, చూస్తూ చూస్తూ ఫోను మోగితే బాల్కనీలోకి వెళ్ళింది. తెర మీద ఒక పిల్ల ఒక కుర్రాడి మీద గొంతు చించుకుని అరుస్తోంది. వాడు మెట్ల మీంచి దొర్లి పడ్డాడు. ఆ పిల్ల తల్లి వచ్చి ఇద్దర్నీ తిట్టింది. ఇల్లంతా గోలగోల అయిపోయింది. మేస్త్రి ప్లేటు చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు. మేనకోడలు తిరిగొచ్చి ఆపబోతే, "ఉండవే, వాళ్ళేం చేస్తారో చూద్దాం" అన్నాడు. ఆ పిల్ల వారంలో వెళ్ళిపోయింది గానీ ఆ పిచ్చి మాత్రం ఇతనికి అంటించి పోయింది.

అందులోనూ ప్రేమా నవ్వులూ కలిసినవే కావాలి ఇతనికి. అరుపులుండాలి, అపార్థాలుండాలి, తలుపు తీసిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఎవరి మీదో పడాలి, చివరికి పదిమంది ముందు ప్రేమ సంగతి బయటపడాలి, పెళ్ళి గంటలు మోగాలి. పెళ్ళి కాకుండా వదిలేసిన సీరియల్ అంటే చిగుళ్ళు లేని పన్ను లాంటిదట, ఎక్కడ నిలబడుతుందని అడుగుతాడు.

ఇలాంటి పిచ్చివాళ్ళు ఊళ్ళో ఇంకో అయిదుగురు దొరికారు. జిరాక్సు షాపు మీద గదిలో ప్రతి ఆదివారం నాలుగింటికి చేరతారు. ఆ షాపు నడిపే జిరాక్సు అమ్మాయిదే ఆ గది. కాగితం కట్టల మీదే కూర్చోవాలి, కుర్చీలు మూడే. అందరూ చూసేది ఒకే రకం సీరియళ్ళని బయటివాళ్ళు అనుకుంటారు. ఏం కాదు. ఒకరికి నచ్చింది ఇంకొకరికి పడదు, కాలకూట విషం. జిరాక్సు అమ్మాయికి నాయికా నాయకులు పది ఎపిసోడ్ల పాటు పామూ ముంగిసల్లా కొట్టుకోవాలి. మందుల కంపెనీ రెప్పు ఒకతనున్నాడు, అతనికి ఒక్క కుర్రాడి చుట్టూ అయిదుగురు అమ్మాయిలుండే కథలు కావాలి. ఆ అయిదుగురిలో ఓడిపోయే పిల్ల ఎవరో మొదటి ఎపిసోడ్‌లోనే కనిపెట్టి ఆమె పార్టీలో చేరిపోతాడు, మూడు నెలల తర్వాత దిక్కులు చూస్తూ కళ్ళు తుడుచుకుంటాడు. మళ్ళీ బుద్ధి రాదు. కాలేజీలో చదివే అక్కాచెల్లెళ్ళిద్దరు మొదటి ఎపిసోడ్‌కే పెళ్ళయిపోయిన జంటలుంటే తప్ప చూడరు. వీళ్ళంతా మేస్త్రిని బాబాయ్ అంటారు.

మిగిలింది కండక్టరమ్మ. సిటీ బస్సులో కండక్టరు, యాభై దాటింది, భర్తతో విడిపోయి ఇరవై ఏళ్ళు, పిల్లల్లేరు. ఆవిడకు కావలసినవి వేరు. ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. ఇద్దరు ఒక బల్లకు అటూ ఇటూ కూర్చుని ఉండాలి, కిటికీలోంచి ఎండ పడాలి, ఒకరి కప్పు ఒకరు కాస్త జరపాలి. అంతే, ఆ ఎపిసోడ్ అయిపోయింది! చెయ్యి తగిలితే అదే పెద్ద గొడవ కింద లెక్క. మేస్త్రికి తల ప్రాణం తోకకు వచ్చేది.

ఆలోచిస్తే ఇందులో వింతేముంది? ఆవిడ పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా బ్రేకులూ హారన్లూ "ముందుకు జరగండి"లూ వినీ వినీ ఇంటికి వస్తుంది. ఇతను రోజంతా మూగ దవడలతో గడిపి మూగ ఇంటికి వస్తాడు. ఎవరింట్లో లేనిది వాళ్ళు తెర మీద వెతుక్కుంటున్నారు. ఈ మాట వాళ్ళకెవరూ చెప్పలేదు, చెప్పినా ఒప్పుకునేవాళ్ళు కారు.

మీటింగయ్యాక ఇద్దరి దారీ ఒకటే, బస్టాండు దాకా. ఇరవై నిమిషాల నడక. ఆ ఇరవై నిమిషాలూ పోట్లాటే.

"మీ సీరియల్లో మనుషులకు నోళ్ళు కుట్టేశారా కండక్టరుగారూ?"

"మీ దాంట్లో వాళ్ళకు చెవులు లేవు మేస్త్రిగారూ. ఉంటే అంత అరవక్కర్లేదు."

"ప్రేముంటే చెప్పాలా వద్దా?"

"చెప్పకుండా తెలిస్తేనే అది ప్రేమ."

"తెలియకపోతే?"

"తెలియకపోతే మీలాగా పెద్దగా అరిచి చెప్పాలి."

ఇలా సాగేది. బస్టాండులో ఎవరి బస్సు వాళ్ళెక్కేవారు. వారం మొత్తంలో అతని పక్కన ఒక మనిషి నడిచేది ఆ ఇరవై నిమిషాలే. సోమవారం ఉదయం ప్లాస్టర్ కలుపుతూ, ఆవిడ అన్నదానికి అప్పుడు తట్టని జవాబు ఇప్పుడు తడితే, మర్చిపోకుండా పెట్టె మూత మీద పెన్సిలుతో రాసి పెట్టుకునేవాడు. మూడేళ్ళు అలా గడిచాయి. ఆ నడక పోతే తనకేం మిగులుతుందో అతను ఎప్పుడూ ఆలోచించలేదు, ఆలోచించాల్సిన పని రాలేదు.

ఆ గుంపులో ఒక జరిమానా పద్ధతుంది. మూడు నెలలకోసారి కొత్త సీరియళ్ళు మొదలవుతాయి కదా, అందులో ఒకదాని మీద పందెం కడతారు, చివరికి ఎవరు ఎవరికి దక్కుతారని. ఓడినవాళ్ళు, గెలిచినవాళ్ళు చెప్పిన పాత సీరియల్ ఒకటి పన్నెండు ఎపిసోడ్లూ చూసి, వచ్చి, అందరి ముందూ ఎలా ఉందో చదివి వినిపించాలి. ఎంతైనా తిట్టొచ్చు, చూడకుండా మాత్రం ఉండకూడదు. ఉన్నదల్లా ఈ ఒక్క రూలే.

ఆసారి మేస్త్రి ఓడాడు, కండక్టరమ్మ గెలిచింది. అందరూ నవ్వారు. "బాబాయ్, దిండు తెచ్చుకో" అన్నాడు రెప్పు. ఆవిడ నవ్వలేదు. ఏది ఇవ్వాలో వారం రోజులు ఆలోచించుకుని చెప్తానంది. మరుసటి ఆదివారం నడకలో చెప్పింది. ఒక చిన్న వీధి, అందులో గడియారాలు బాగుచేసే కుర్రాడు, ఎదురుగా గొడుగులమ్మే అమ్మాయి, ఇదీ కథ.

"చివరిదాకా చూడండి మేస్త్రిగారూ. పన్నెండోది కూడా. చూసి ఎలా ఉందో నాకు చెప్పండి."

"తిడతానేమో."

"తిట్టండి. చూసి తిట్టండి."

ఆ గొంతులో ఏదో ఉంది. పట్టించుకోవాల్సింది. పట్టించుకోలేదు పెద్దమనిషి.

మొదటి ఎపిసోడ్ చూశాడు. ఆ కుర్రాడు గడియారం విప్పాడు. రెండోది చూశాడు. మళ్ళీ బిగించాడు. మూడోదానికి వచ్చేసరికి ఆ అమ్మాయి ఎదుటి కొట్లోంచి చూస్తోంది, కుర్రాడు చూడటం లేదు, తర్వాత కుర్రాడు చూస్తున్నాడు, ఆమె చూడటం లేదు. మాట లేదు, పాట లేదు. టీవీ అంత నిశ్శబ్దంగా ఉండేసరికి వెనక ఫ్రిజ్ మోత మొదలైంది. పై అంతస్తులో ఎవరో కుర్చీ జరిపారు. వాళ్ళింట్లో ఎవరో ఎవర్నో పిలిచారు. మేస్త్రికి ఊపిరాడలేదు. గబగబా రిమోట్ తీసుకుని అరుపుల సీరియల్ ఒకటి పెట్టేసి, సౌండు పెంచి, హమ్మయ్య అనుకున్నాడు.

రేపు చూద్దాం, రేపు చూద్దాం అనుకుంటూ మూడు వారాలు గడిపేశాడు. శనివారం వచ్చింది. తెల్లారితే చదివి వినిపించాలి. నచ్చలేదు, చూడలేకపోయాను అని ఒక్క ముక్క చెప్పేస్తే ఏం పోయేది? అదే అడుగుతున్నాను నేను. అందరూ నవ్వేవారు, ఇంకో వారం గడువిచ్చేవారు. కానీ కండక్టరమ్మ వారం ఆలోచించి ఇచ్చింది. ఆవిడ చిన్నబుచ్చుకుంటుందని భయపడ్డాడు. చిన్నబుచ్చుకుంటే నడకలో మాటలు తగ్గుతాయని భయపడ్డాడు. ఆ భయంలో చేయకూడని పని చేశాడు. ఇంటర్నెట్‌లో ఎవరో ఆ కథంతా పూసగుచ్చినట్టు రాసిపెడితే, అది చదివి, తన మాటల్లోకి మార్చి, మూడు పేజీలు రాశాడు.

చదివేటప్పుడు మనసు కూడా కరిగింది, అదొక పాపం. పదకొండో భాగంలో పెద్ద వాన. కొట్టు చూరు కింద ఆ అమ్మాయి ఏడుస్తుంది, "నీ గడియారాలన్నీ సరిగ్గా నడుస్తాయి, నా మనసు ఎందుకు చూడవు" అంటుంది, కుర్రాడు వానలో తడుస్తూ వీధి దాటి వస్తాడు. పన్నెండులో పెళ్ళి. ఆహా, ఇదేదో బాగానే ఉందే అనుకున్నాడు.

ఆదివారం చదివాడు. గదిలో అందరూ శ్రద్ధగా విన్నారు. ఆ సీరియల్ అంత దూరం చూసిన ఓపికమంతులు అక్కడెవరూ లేరు, ఆవిడ తప్ప. వాన దగ్గరకు వచ్చేసరికి మేస్త్రి కాగితం పక్కన పెట్టి, గొంతు తగ్గించి, "నిజం చెప్తున్నాను, ఆ చూరు కింద ఆ పిల్ల ఏడుస్తుంటే నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కండక్టరుగారూ, ఇన్నాళ్ళూ మీతో అనవసరంగా వాదించాను. ఇది చాలా మంచి సీరియల్" అన్నాడు. అక్కాచెల్లెళ్ళు చప్పట్లు కొట్టారు. "బాబాయ్ మతం మారిపోయాడు" అన్నాడు రెప్పు.

కండక్టరమ్మ అతని వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"అలాగా" అంది. "చివర్లో పెళ్ళవుతుందా?"

"అవుతుంది. గంటలు కూడా మోగుతాయి."

"బావుంది" అని, సంచి భుజాన వేసుకుని లేచింది. మెట్ల దగ్గర మేస్త్రి చెప్పులు తొడుక్కునేలోపే, "నాకు కాస్త పనుంది, మీరు నెమ్మదిగా రండి" అని ముందుకు వెళ్ళిపోయింది.

తర్వాతి ఆదివారం ఆవిడ రాలేదు. ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాడు. ఆ పై ఆదివారమూ రాలేదు. ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయింది. మీటింగులో మిగతావాళ్ళు యథాప్రకారం కొట్టుకుంటున్నారు, ఇతనికి ఒక్క మాట చెవికెక్కలేదు. బస్టాండుకు ఒక్కడే నడిచాడు. దారిలో బట్టల కొట్టు, తాళాల కొట్టు, ఒక బ్యాంకు, ఒక పాఠశాల గోడ. మూడేళ్ళుగా నడుస్తున్న దారిలో ఇవన్నీ ఉన్నాయని ఇప్పుడే చూస్తున్నాడు. బుధవారం అక్క ఫోను చేసి, "ఏరా, గొంతు అలా ఉందేం?" అంది. "ప్లాస్టర్ పొడి పట్టిందిలే అక్కా" అన్నాడు.

మూడో ఆదివారం సంగతి బయటపడింది. మేస్త్రి అంతగా పొగిడాడు కదా అని జిరాక్సు అమ్మాయి ఆ సీరియల్ మొత్తం చూసింది పాపం.

"బాబాయ్, మీరు చెప్పిన ఆ చూరు సీను ఎక్కడుంది? పదకొండోది రెండుసార్లు చూశాను. వాన తప్ప ఏం లేదు."

మేస్త్రి నోరు తెరిచాడు. ఆలోగా రెప్పు అందుకున్నాడు. "అది ఈ కథ మొదట వచ్చిన బొమ్మల పుస్తకంలో ఉంటుంది. సీరియల్ తీసేటప్పుడు ఆ సీను ఎత్తేశారు. చివర కూడా మార్చేశారని విన్నాను. బాబాయ్ పుస్తకం కూడా చదివినట్టున్నాడు."

"ఆ... రెండూ కలిపేసుకున్నాను" అన్నాడు మేస్త్రి. ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం తోడయింది. వాళ్ళు నమ్మి, వేరే మాటల్లో పడ్డారు. ఇతనికి మాత్రం అప్పుడు తట్టింది. ఆ రోజు ఆ గదిలో, తను కళ్ళనీళ్ళ సంగతి చెప్తున్నప్పుడు, అది లేని సీను అని తెలిసిన మనిషి ఒక్కతే ఉంది. ఆవిడ నలుగురిలో అతని పరువు తీయలేదు. అలాగా, బావుంది అని వెళ్ళిపోయింది. సిగ్గుతో మేస్త్రి ఒళ్ళంతా కాలిపోయింది.

సోమవారం ల్యాబుకు సెలవు పెట్టాడు. ఇరవై ఏడేళ్ళలో జ్వరం లేకుండా సెలవు పెట్టడం అదే మొదలు. ఉదయం తొమ్మిదికి టీవీ ముందు కూర్చున్నాడు. కిటికీ తలుపులు మూశాడు, మళ్ళీ తెరిచాడు. మొదటి ఎపిసోడ్ నుంచి మొదలుపెట్టాడు. మూడోదాన్లో మళ్ళీ ఫ్రిజ్ మోత వినిపించింది. ఈసారి లేవలేదు. వినిపిస్తే వినిపించనీ అని పళ్ళు బిగించి కూర్చున్నాడు. నాలుగు, అయిదు, ఆరు. ఏడోదాన్లో కుర్రాడు గడియారానికి కీ ఇస్తూ మధ్యలో ఆగిపోతే ఎందుకాగాడో ఇతనికి తెలిసింది. ఎవరూ చెప్పలేదు, తెలిసింది. ఒప్పుకోబుద్ధి కాలేదు గానీ తెలిసింది.

పదకొండోదాన్లో వాన వచ్చింది. నాలుగు నిమిషాల వాన. వీధికి ఇటొకరూ అటొకరూ ఎవరి గుమ్మంలో వాళ్ళు నిలబడి చూస్తున్నారు. ఆమె కొట్టు నిండా గొడుగులే, ఒక్కటి తెరిస్తే వీధి దాటొచ్చు. తెరవదు. అతను పిలిస్తే ఆమె వస్తుంది. పిలవడు. ఒకసారి ఆమె చెయ్యి చాపి వాన తగ్గిందేమో చూసి, చెయ్యి వెనక్కి తీసుకుని, తడి లంగాకు తుడుచుకుంటుంది. అంతే. ఏడుపు లేదు. మేస్త్రి మాత్రం అక్కడ కూర్చుని ఏడ్చాడు, వాళ్ళమ్మ పోయినప్పుడు కూడా రాని ఏడుపు. పట్టపగలు, ఒంటిగంటకు, ఎవరూ లేని ఇంట్లో. ఇది ఆవిడ ఎన్నిసార్లు చూసి ఉంటుందో, చూసిన ప్రతిసారీ ఒక్కతే కూర్చుని ఉంటుంది కదా అనిపించింది. ఆ మనిషి తన చేతికి ఇచ్చింది దీన్ని. తను దీని మీద మూడు పేజీల అబద్ధం రాశాడు.

పన్నెండోది కూడా చూశాడు. అది చూసి రిమోట్ మంచం మీదికి విసిరేశాడు.

మరునాడు మధ్యాహ్నం, జనం పలచగా ఉండే వేళ చూసుకుని, ఆవిడ బస్సెక్కాడు. వెనక సీట్లో కూర్చున్నాడు. టిక్కెట్టు మిషను పట్టుకుని ఆవిడ వచ్చింది. చూసింది. ముఖంలో మార్పు లేదు.

"ఎక్కడికండీ?"

"చివరి స్టాపు."

టిక్కెట్టు చింపి ఇచ్చి వెళ్ళిపోయింది. నలభై నిమిషాల్లో ఒక్కొక్కరే దిగిపోయారు. చివరి స్టాపులో బస్సు పావుగంట ఆగుతుంది. డ్రైవరు టీ తాగడానికి దిగాడు. ఆవిడ కాగితాలు సర్దుకుంటూ, తలెత్తకుండానే, "దిగాలి. ఇదే చివరిది" అంది.

"కండక్టరుగారూ, నేను చూడకుండా రాశాను."

"తెలుసు."

"ఆ రోజే నలుగురిలో కడిగేయాల్సింది నన్ను."

"కడగడానికేముంది?" ఆవిడ కాగితాలు పక్కన పెట్టింది. "బాగోలేదంటే పోట్లాడేదాన్ని. మూడోదాన్లో నిద్రొచ్చింది, ఆపేశానంటే ఇంకా గట్టిగా పోట్లాడేదాన్ని. నాకు కావలసిందే అది. మీరు పొగిడారు. చూడకుండా పొగిడారు. రోజూ ఈ బస్సులో వెయ్యిమంది టిక్కెట్టు కోసం చెయ్యి చాపుతారు మేస్త్రిగారూ, ఒక్కరూ నా ముఖం చూడరు. నేనేమీ అనుకోను, వాళ్ళ హడావుడి వాళ్ళది. మీరూ అంతేనా అనిపించింది. నాకు చాలా బాధేసింది."

మేస్త్రి తల దించుకున్నాడు. "నిన్న చూశాను. మొత్తం."

"మొత్తమంటే?"

"పన్నెండూ."

ఆవిడ వచ్చి అతని ఎదుటి సీట్లో కూలబడింది. కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది.

"పన్నెండోది నేను చూడలేదు" అంది.

మేస్త్రికి అర్థం కాలేదు.

"ఆరేళ్ళుగా చూడలేదు. పదకొండు దాకా చూస్తాను, మళ్ళీ మొదటికి వెళ్తాను. అదీ చూసేస్తే ఇంకేం మిగులుతుంది నాకు? డ్యూటీ దిగి ఇంటికెళ్తూ, ఇంకొకటి ఉందిలే అనుకుంటాను. నవ్వకండి."

"నవ్వడం లేదు."

"ఈమధ్య భయం పట్టుకుంది. ఇన్నేళ్ళు దాచుకున్నది తీరా బాగోకపోతే? ముందు ఎవరన్నా చూసి చెప్తే బావుణ్ణనిపించింది. మీరు ప్రతి ఆదివారం నాతో పోట్లాడతారు. నన్ను సంతోషపెట్టడానికి ఒక్క మాట అనలేదు ఎప్పుడూ. మీరైతే దాచరనుకున్నాను." ఆవిడ ఇటు తిరిగింది. "ఇప్పుడు చెప్పండి. నిజం చెప్పండి. చివరికి ఏమవుతుంది?"

ఎన్ని వేల దవడలు చూశాడో, ఇంత దగ్గరగా ఒక ముఖం చూసి ఎన్నాళ్ళయిందో. ఆ ముఖంలో ఆశ ఉంది, దాచుకున్నా దాగడం లేదు. చాలా బాగుందండీ, హాయిగా చూసుకోండి అంటే చాలు, ఆ ముఖం వెలిగిపోతుంది. ఎలాగూ చూడదేమో. ఆదివారం మళ్ళీ వస్తుందేమో. మేస్త్రి నాలుక చివరి దాకా వచ్చింది ఆ మాట. మింగేశాడు.

"విడిపోతారు" అన్నాడు.

ఆవిడ కిటికీ ఊచ పట్టుకుంది.

"గొడుగుల కొట్టు ఎత్తేస్తారు. వాళ్ళ నాన్నకు వేరే ఊళ్ళో పని దొరుకుతుంది. సామాను బండిలోకి ఎక్కిస్తుంటే ఆ కుర్రాడు వాళ్ళ గోడ గడియారం బాగుచేసి తెచ్చిస్తాడు."

"ఏమంటాడు?"

"రోజుకు రెండు నిమిషాలు వెనకబడుతుంది, చూసుకోండి అంటాడు."

"ఆమె?"

"సరే అంటుంది."

"ఇంకేం చెప్పుకోరా?"

"చెప్పుకోరు. బండి వెళ్ళిపోతుంది. అతను లోపలికెళ్ళి ఇంకో గడియారం విప్పుతాడు. పేర్లు పడతాయి." మేస్త్రి గొంతులో కోపం కూడా వచ్చింది. "నాకు అస్సలు నచ్చలేదు. రిమోట్ విసిరేశాను. ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట అంటే ఏం పోయింది వాళ్ళకి?"

ఆవిడ ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చుంది. డ్రైవరు గ్లాసు పట్టుకుని దూరంగా ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

"నిజమే అయ్యుంటుంది" అంది చివరికి. "అబద్ధమైతే మీరు పెళ్ళి చేసేసేవారు."

అని నవ్వింది. నవ్వుతూనే యూనిఫాం చేతితో కళ్ళు తుడుచుకుంది. మేస్త్రి అటు తిరిగి కూర్చున్నాడు, ఆవిడ తుడుచుకోవడం అయ్యేదాకా.

"ఆదివారం వస్తారా?" అన్నాడు.

"ఆదివారాలు డ్యూటీ వేయించుకున్నాను మేస్త్రిగారూ. ఆ రోజు నేరుగా డిపోకు వెళ్ళి రాసిచ్చేశాను. కోపం నాలుగు రోజుల్లో పోయింది. డ్యూటీ మాత్రం ఆర్నెల్ల దాకా మార్చరు."

"ఆర్నెల్లా?"

"ఒకసారి రాసిస్తే అంతే."

"పోనీ ఆదివారం నేనే ఈ బస్సెక్కితే?"

"ఆదివారం నిలబడటానికే చోటుండదు. మాటలెక్కడ?"

డ్రైవరు వచ్చి కూర్చున్నాడు. కింద జనం చేరుతున్నారు. ఆవిడ లేచి, మిషను భుజాన తగిలించుకుని, ఇంకో టిక్కెట్టు చింపి అతని చేతిలో పెట్టింది.

"అంత అస్సలు నచ్చలేదా మీకు?"

"నచ్చలేదు. మీకూ నచ్చదు."

"నాకు నచ్చుతుంది. రెండు నిమిషాలు వెనకబడుతుందని చెప్పాడు కదా. ఇంకేం చెప్పాలి?"

మేస్త్రి జవాబు చెప్పబోయాడు. ఆలోగా జనం ఎక్కేశారు, ఆవిడ విజిలు వేసి ముందుకు వెళ్ళిపోయింది. ఆ జవాబు మంచిదే, ఇరవై నిమిషాలు నిలబడగలిగే జవాబు. వెనక సీట్లో ఎవరెవరివో భుజాల మధ్య దాన్ని పట్టుకుని, ఆర్నెల్లంటే ఎన్ని ఆదివారాలో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ, తన స్టాపు వచ్చేదాకా కూర్చున్నాడు.